మగమనిషికి రాసిన పరీక్ష

పల్లికాయ కుప్ప దగ్గర కూర్చున్న ఏసమ్మ చేతులు వాటంతటవే పనిచేస్తున్నాయి. ఎడమచేత్తో నాలుగు చెట్లు కలిపి పట్టడం, కుడిచేత్తో వేళ్ళ దగ్గర కాయల్ని ఒక్క గుంజు గుంజడం, ఖాళీ తీగను వెనక్కి విసరడం. కళ్ళు మాత్రం చేని గట్టు మీద ఉన్నాయి. అక్కడ ఆమె పెనిమిటి కురుమూర్తి, యాదయ్య డాక్టరు మోపెడ్ పక్కన నిలబడి ఉన్నాడు. మాట్లాడుతున్నది యాదయ్యే. కురుమూర్తి తలొంచుకుని చెప్పుతో మట్టిగడ్డ నలుపుతున్నాడు.

యాదయ్య డాక్టరు చదువు చదివినవాడు కాదు. వనపర్తిలో ఎవరో డాక్టరు దగ్గర కాంపౌండరుగా ఉండి వచ్చి, ఊళ్ళో ఒక గది అద్దెకు తీసుకుని సూదులు వేస్తున్నాడు. పాన్‌గల్ దాకా పోలేని వాళ్ళకు ఆయనే దిక్కు. సంచిలోంచి కాగితం పొట్లం తీసి కురుమూర్తి చేతిలో పెట్టాడు. కురుమూర్తి దాన్ని మొలలో దోపుకుని, ఇటు చూశాడు. ఏసమ్మ చూస్తున్నదని తెలిసి చప్పున ముఖం తిప్పుకున్నాడు.

తిరిగి వస్తుంటే ఆ నడకే. కాళ్ళు ఎడం పెట్టి, ఒక చేత్తో లుంగీ ముందుకు గుంజుకుంటూ. పది దినాల నుంచి ఏసమ్మ ఆ నడకను గమనిస్తూనే ఉంది.

మధ్యాహ్నం జొన్నరొట్టె మూట విప్పి ఎదురుగా కూర్చున్నప్పుడు అడిగింది.

"ఏమిచ్చిండు యాదయ్యన్న?"

"నడుం నొప్పికి గోలీలు."

"నడుం నొప్పికి కాళ్ళు ఎడం బెట్టి నడుస్తరా?"

కురుమూర్తి రొట్టె తుంచి కారంలో అద్దుకున్నాడు. ఆ ముక్కను చాలాసేపు నమిలాడు. నీళ్ళు తాగి, తువాలు తలకు చుట్టుకుని, చెట్లు పీకడానికి లేచిపోయాడు.

మేస్త్రీ గుంపుతో పూనా పోయి, ఎనిమిది నెలలు కాంక్రీటు మోసి వచ్చిన మనిషి. వచ్చి రెండు నెలలైంది. మొదటి పదిహేను దినాలు బాగానే ఉన్నాడు. తర్వాత మంచం వాకిట్లోకి మార్చాడు. లోపల ఉక్కపోస్తుందన్నాడు. ఏసమ్మ కూడా మంచం వాకిట్లో వేసుకుంటే, మరునాడు తమ ఇద్దరి మధ్యకు కూతురు అర్చన మంచం జరిపాడు. ఆరేళ్ళ పిల్ల నాయిన పక్కన పడుకుంటానని ఎగిరింది గానీ, ఏసమ్మ గుండెలో అప్పుడే ఒక ముల్లు దిగింది.

బుధవారం పొద్దున ఆమె పనికి పోకుండా యాదయ్య గదికి పోయింది. అతను బల్ల మీద గోలీల అట్టలు కత్తెరతో ముక్కలు చేస్తున్నాడు. కురుమూర్తికి ఏమైందని అడిగింది. తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"నీకు చెప్పొద్దన్నడు చెల్లె. మగోళ్ళ సంగతి."

"చెప్పన్నా. ఇంట్ల ఉండేదాన్ని నేనే గద."

"పూనా, బొంబాయి పోయినోళ్ళకు చానమందికి వస్తది. కింద ఒక దిక్కు వాచింది. లోపల చీము పట్టింది. పది సూదులేసిన, తగ్గలే. సోమవారం సన్న సూదితోని గుంజేస్త. అందాక నువ్వు జర దూరముండు."

"ఏం రోగమన్నా అది?"

యాదయ్య ఆ రోగం పేరు చెప్పలేదు. గోడ మీది పటం వైపు చూపించాడు. ఎర్రరిబ్బను బొమ్మ. అలాంటి బొమ్మలు, దాని కింది రాతలు పాన్‌గల్ బస్టాండు గోడ మీదా, బడి గోడ మీదా ఏసమ్మ చూసే ఉంది. చదవడం అంతంతే వచ్చినా, ఆ బొమ్మ ఎయిడ్స్ బొమ్మ అని అందరికీ తెలుసు.

ఇంటికి వచ్చి కురుమూర్తి పూనా నుంచి తెచ్చిన సంచి బోర్లించింది. రెండు చొక్కాలు, సిమెంటు పట్టిన ప్యాంటు, అద్దం ముక్క, పిల్లకు తెచ్చిన రిబ్బన్ల కాగితం. ఆడమనిషి జాడ ఒక్కటి కూడా దొరకలేదు. దొరకకపోవడమే ఆమెకు మరింత అనుమానమైంది. ఇంత శుభ్రంగా దాచుకున్నాడంటే ఎంత తెలివి కావాలి అనుకుంది.

సాయంత్రం అతను కాళ్ళు కడుక్కుంటుంటే ఎదురుగా పోయి నిలబడింది.

"రేపు పాన్‌గల్ సర్కారు దవాఖానకు పోతున్నం."

"ఎందుకు?"

"యాదయ్యన్న నాకు చెప్పిండు. చదువుకున్న డాక్టరు నోటెంట నేను ఇనాలె. నువ్వు రాకుంటే పెద్దమనుషులల్ల పెడత."

కురుమూర్తి చెంబు కింద పెట్టాడు. పెద్దమనుషులు అనగానే అతని ముఖంలో రంగు మారింది. దొరికిపోయిన వాడి భయం అనుకుంది ఏసమ్మ.

"పెద్దమనుషులు ఒద్దు," అన్నాడు. "వస్త పద."

*

పాన్‌గల్ దవాఖానలో ఆ రోజు ఉన్నది ఒక్క డాక్టరే. పేరు సుమన. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఆమెను చూడగానే కురుమూర్తి గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు.

"ఆడామె ముందర నేను ఇప్ప."

"పూనాల ఎవరి ముందర ఇప్పినవో," అంది ఏసమ్మ, అతనికి మాత్రమే వినపడేట్టు. అతను ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపమే ఉంటుందనుకుంది. ఉన్నది కోపం కాదు. ఏమిటో తెలియలేదు.

సుమన వాళ్ళను కూర్చోబెట్టింది. "మగ డాక్టరే కావాల్నంటే వనపర్తికి రాసిస్త. ఫరవాలేదు. కానీ రెండు మాటలు చెప్పి పో అన్నా. ఎన్ని దినాల సంది ఉంది?"

"నెలా పదిహేను దినాలు."

"నొప్పి?"

"నొప్పి లేదు. బరువుంటది."

రాస్తున్న కలం ఆగింది. "అసలే లేదా? దెబ్బేమన్న తగిలిందా? జ్వరం? మూత్రంల మంట, చీము?"

"ఏం లేవు."

ఏసమ్మ ఒక్కొక్క 'లేదు'నీ అబద్ధాల లెక్కలో వేసుకుంటూ కూర్చుంది. డాక్టరమ్మ మాత్రం కలం మూత పెట్టింది. "నొప్పి లేకుండ బరువున్నదంటే ఇయాల్నే చూడాలె. నువ్వు జర బయట ఉండమ్మా, ఆయనను ఒక్క మాట అడగాలె."

ఏసమ్మ ఆకుపచ్చ తెర అవతల నిలబడింది. డాక్టరమ్మ గొంతు సన్నగా వినపడింది గానీ మాటలు తెలియలేదు. కురుమూర్తి ఏదో చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. ఇంట్లో పది దినాల్లో కూడా అంతసేపు మాట్లాడని మనిషి. సుమన తెర జరిపి పిలవగానే ఏసమ్మ లోపలికి పోయింది.

"ఏం చెప్పిండు మేడం?"

"అది ఆయన్నే అడుగమ్మా. సిస్టరు టీకాలకు పోయింది. పరీక్ష చేసేటప్పుడు ఇంకో మనిషి ఉండాలె, నువ్వుండు."

డాక్టరమ్మ రబ్బరు తొడుగులు వేసుకుని, చేతులు వేడెక్కేదాకా రుద్దుకుంది. కురుమూర్తిని నిలబెట్టి, తాను స్టూలు మీద కూర్చుంది. అతను కళ్ళు మూసుకుని, కప్పు వైపు తలెత్తాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఆమె ముందు బాగున్న వైపు పట్టుకుంది. బొటనవేలికీ రెండు వేళ్ళకూ మధ్య, పిట్టగుడ్డు పట్టినంత మెల్లగా, చుట్టూ తిప్పి చూసింది.

"మంచిగున్నది ఎట్లుంటదో తెలిస్తేనే రెండోది అర్థమైతది," అంది ఏసమ్మతో. తర్వాత వాచిన వైపు. "దగ్గు అన్నా. ఇంకోసారి. గట్టిగ." వేళ్ళు కదలకుండా ఉన్నాయి. "దగ్గితే పైనుంచి ఏం దిగుతలేదు. గడ్డ పైన నా వేళ్ళు కలుస్తున్నయి. పేగు దిగలేదు, హెర్నియా కాదు."

ఏసమ్మ ప్రతి మాటనూ పట్టి పట్టి వింటోంది. ఇంత చదువుకున్నామె అసలు మాట చెప్పకుండా చుట్టూ ఎందుకు తిరుగుతోంది. ఆడదాని ముందు ఆడది దాస్తుందా.

సుమన లేచి కిటికీ రెక్కలు మూసి, సందుకు దుప్పటి అడ్డం పెట్టింది. గది చీకటైంది. టార్చిలైటు తన అరచేతి వెనక పెట్టి వెలిగించింది. వేళ్ళ సందులు ఎర్రగా మెరిశాయి. "గడ్డల నీళ్ళుంటే గిట్లనే ఎర్రగ వెలుగుతది. నీళ్ళయితే భయం లేదు, దాన్ని వరిబీజం అంటరు." టార్చి ఆ వాపుకు వెనకనుంచి ఆనించింది. వెలుగు చుట్టూ చర్మం మీద సన్నగా పాకింది. మధ్యలో మాత్రం దాటలేదు. అటు నుంచీ ఇటు నుంచీ చూసింది. నల్లగానే ఉంది.

కిటికీ తెరిచి, అతన్ని బల్ల మీద పడుకోబెట్టింది. పడుకున్నా వాపు తగ్గలేదు. పొట్ట నొక్కి చూసింది. మెడ కింద, ఎముక పైన గుంటల్లో వేళ్ళు పెట్టి చూసింది. ఛాతీ నొక్కి, నొప్పి ఉందా అని అడిగింది. కింద వాచినదానికి మెడ ఎందుకో ఏసమ్మకు అర్థం కాలేదు.

"యాదయ్య ఏమని చూసిండు?" అంది సుమన, తొడుగులు విప్పుతూ.

"ఇప్పి చూడలే మేడం. లుంగీ మీదికెల్లి ఒక్కసారి ఒత్తిండు. పూనా పోయినవా అని అడిగిండు. పోయిన అన్న."

"అంతేనా?"

"అంతే. సోమవారం సూదితోని గుంజుతనన్నడు."

సుమన ముఖం గట్టిపడింది. "గుంజనియ్యకు. ఎవ్వరినీ అక్కడ సూది పెట్టనియ్యకు. గడ్డ బీజంలనే ఉంది. అదేందో తేలకముందు సూది పెడితే లోపలిది పక్కకు పాకుతది. ఇది నాకు సుఖరోగం లెక్క కనిపిస్తలేదు. రేపు వనపర్తికి పోయి స్కానింగు తీయించుకోండ్రి, రక్తపరీక్షలు రాస్తున్న."

కనిపిస్తలేదు అంటే లేదని కాదు కదా అనుకుంది ఏసమ్మ. పైకే అడిగింది. "ఆ ఎయిడ్స్ పరీక్ష గూడ రాయండ్రి."

"ఆయన ఒప్పుకోవాలె."

కురుమూర్తి లుంగీ ముడి వేసుకుంటూ ఏసమ్మ వైపు చూడకుండా అన్నాడు. "రాయండ్రి. ఆమెకు గూడ రాయండ్రి."

తప్పు చేసినవాడు తనొక్కడే ఎందుకు మునగాలి అనుకుంటాడని ఏసమ్మకు తెలుసు. పళ్ళు బిగబట్టి, సరే అంది.

*

శుక్రవారం వనపర్తిలో మొదట రక్తం ఇయ్యడానికి పోయారు. సుమన రాసిన వాటిలో కొన్ని సర్కారు దవాఖానలో దొరకవు. బజారులో ఒక ల్యాబు వాళ్ళు సీసాలో పట్టి హైదరాబాదు పంపుతారు. అక్కడి కుర్రవాడు చీటీ చదివి, కురుమూర్తిని చూసి, మళ్ళీ చీటీ చూశాడు.

"ఇది కడుపుతోని ఉన్న ఆడోళ్ళకు చేసే పరీక్ష. మగమనిషికి ఎవరు రాసిండ్రు?"

బెంచీ మీద ఉన్న ఇద్దరు ముగ్గురు తలలెత్తారు. ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కురుమూర్తి చెయ్యి చాపి అలాగే కూర్చున్నాడు. "రాసిందే చెయ్యి," అన్నాడు.

ఏసమ్మ కడుపు అన్న మాట దగ్గరే ఆగిపోయింది. కడుపు ఎవరిది? తెర వెనక అంతసేపు చెప్పింది ఇదేనా? పూనాలో ఎవత్తో ఉంది. ఆమెకు నెల తప్పింది. బిడ్డకు తండ్రి ఎవరో రక్తంలో తెలుస్తుందని ఒక సినిమాలో చూసింది. డాక్టరమ్మకు అంతా తెలుసు. తెలిసే, గడ్డ అని, టార్చిలైటు అని తన ముందు నాటకమాడింది. సూది దిగిన చోట దూది అదిమి పట్టుకున్న కురుమూర్తి చేతిని చూస్తూ, ఈ చేతిని ఇంక ముట్టుకోను అనుకుంది.

స్కానింగు గదిలోకి ఆమె పిలవకుండానే వెళ్ళింది. పెద్దవయసు సారు, నెరిసిన మీసం. చల్లటి జిగురు రాసి, పనిముట్టును బాగున్న వైపు పెట్టి చూశాడు. తర్వాత రెండో వైపు. బొమ్మ ఆపి గీతలు గీసి కొలిచాడు. ఇంకో మీట నొక్కితే బూడిదరంగులో ఎరుపు, నీలం మెరిశాయి. "రక్తం ఆడుతుంది," అన్నాడు తనలో తాను. ఆపైన పొట్ట అంతా చూశాడు. జిగురు తుడుచుకోమని కురుమూర్తికి గుడ్డ ఇచ్చాడు.

ఏసమ్మ ల్యాబు చీటీ ఆయన ముందు పెట్టింది.

"సార్, ఈ పరీక్ష ఎవరి కడుపు కోసం?"

ఆయన చీటీ చూశాడు. నవ్వలేదు. కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు.

"ఎవరన్న నవ్విండ్రా?"

ఆమె తలూపింది.

"వాళ్ళకు తెల్వక నవ్విండ్రు. కడుపుల పిండం ఉన్నప్పుడు ఒంట్లో ఒక రసం తయారైతది. బీజంల పుట్టే కొన్ని గడ్డలు కూడా అదే రసం తయారుచేస్తయి. రక్తంల అది ఎంతుందో చూస్తే గడ్డ ఏ రకమో కొంత తెలుస్తది. ఆపరేషన్ చేసినంక మళ్ళ చూస్తే, మొత్తం పోయిందా లేదా తెలుస్తది. ఇది ఇంకెవరి కడుపు సంగతీ కాదమ్మా."

"గడ్డ అంటే ఏం గడ్డ సార్?"

"నీళ్ళు కాదు, చీము కాదు. గట్టి గడ్డ. కాన్సరే అని అనుమానం. తీసి పరీక్ష చేస్తేనే ఖాయం. కానీ ఇను, కాన్సర్లల్ల ఇది చానమందికి నయమయ్యేది. తొందరగ వచ్చిండ్రు. తెల్లకార్డు ఉంది గద, హైదరాబాదుల పైసలు లేకుండ చేస్తరు. రెండోది మంచిగనే ఉంది."

కురుమూర్తి బల్ల మీద కూర్చుని విన్నాడు. అతని ముఖంలో భయం ఉండాలి. ఉంది కూడా. కానీ దానితో పాటు ఇంకేదో సడలినట్టు కనిపించింది ఏసమ్మకు. కాన్సరన్న మాట విని ఊపిరి వదిలే మనిషిని ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఎయిడ్స్ పరీక్ష సర్కారు దవాఖానలోనే. ఇద్దరి రక్తమూ తీసుకుని, మధ్యాహ్నం తర్వాత ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. ఏసమ్మకు చెప్పే ఆవిడ చిన్న గొంతుతో, ఏమీ లేదమ్మా అంది. ఆమె బయటికి వచ్చేసరికి కురుమూర్తి నీళ్ళ ట్యాంకు నీడలో నిలబడి ఉన్నాడు. అతని చేతిలోనూ కాగితం ఉంది. తనది చెప్పకుండా, ముందు ఆమెనే అడిగాడు.

"నీదేమొచ్చింది?"

"ఏం లేదన్నరు."

అతను ట్యాంకు గోడ పట్టుకుని అలాగే కిందికి కూర్చుండిపోయాడు. తువాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి.

"నాది గూడ లేదన్నరు," అన్నాడు తువాలులోంచే.

ఏసమ్మ కాగితం మడత పెడుతూ ఆగింది. "నీ సంగతి పక్కకు బెట్టి నాది అడిగినవెందుకు?"

అతను తువాలు ఒళ్ళోకి దించాడు. తర్వాత చెప్పాడు, నేల వైపు చూస్తూ.

"పూనాల ఒక గుడిసెల పన్నెండు మందిమి ఉంటిమి. నేను ఎక్కడికీ పోలే ఏసమ్మా. డాక్టరమ్మకు గూడ అదే చెప్పిన. మేరీమాత మీద ఒట్టు, నాకు పేరిచ్చిన కురుమూర్తి సామి మీద ఒట్టు. యాదయ్య సుఖరోగమన్నప్పుడు నాకు తెలుసు నేను పోలేదని. మరి నాకు యాడికెల్లి వచ్చింది?"

ఏసమ్మకు ఆ మాట అందడానికి కొంచెం సేపు పట్టింది. అందాక, అతని ఎదురుగా వంగి నిలబడింది.

"నా నుంచి అనుకున్నవా?"

అతను తల ఊపాడు.

"ఎవరనుకున్నవ్?"

"ఇప్పుడెందుకే."

"పేరు చెప్పు."

"మోటర్లు బాగుచేసే శేఖర్," అన్నాడు. "పిల్లకు జ్వరమొస్తే బండి మీద దవాఖానకు తోలుకపోయిండని నువ్వే ఫోన్ల చెప్పినవ్."

అర్చన ఆ రోజు మూర్ఛపోయింది. శేఖర్ బండి ఆపకపోతే పిల్ల ఏమయ్యేదో. తర్వాత అతను తమ ఇంటి వైపు తిరిగి కూడా చూడలేదు. ఇదంతా చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్తే సంజాయిషీ ఇచ్చినట్టు ఉంటుందని మింగేసింది.

"మరి అడగకుండ పది సూదులు ఏపిచ్చుకుని ఊకున్నవేంది?"

"అడిగితే లొల్లయితది. లొల్లయితే పెద్దమనుషులల్లకు పోతది. అండ్ల నీ పేరే బద్నామైతది. పిల్లకు తల్లివి గద. నాతోనే ఆగిపోనీ అనుకున్న."

తనను దోషిని చేసి, ఆ దోషాన్ని తనే కప్పి, ఒళ్ళంతా సూదులు పొడిపించుకున్న మనిషి. కొట్టాలనిపించింది ఏసమ్మకు. పక్కన కూర్చుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

"నన్నొక్క మాట అడిగితే చెప్పకపోదునా."

కురుమూర్తి తలెత్తి ఆమెను చూశాడు. "నువ్వడిగినవా?"

*

సోమవారం వాళ్ళు హైదరాబాదులో ఉన్నారు. సుమన రాసిన ఉత్తరం, స్కానింగు కాగితాలు, తెల్లకార్డు ఏసమ్మ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి పైటకు అదిమి పట్టుకుంది. పెద్ద దవాఖానలో మళ్ళీ అవే పరీక్షలు. నిలబడు, దగ్గు, పడుకో. ఈసారి కురుమూర్తి కప్పు వైపు చూడలేదు. కేసు రాసుకునే డాక్టరుబాబు గబగబా అడుగుతూ పోయాడు.

"ఎన్ని రోజుల తర్వాత బయటపెట్టినవ్?"

"నెలన్నర."

"అన్ని రోజులు ఇంట్లో ఎవ్వరికీ చెప్పలేదా?"

"చెప్పలే సార్."

"నేను అడగలే," అంది ఏసమ్మ పక్కనుంచి.

డాక్టరుబాబు తలెత్తి ఆమెను ఒకసారి చూసి, రాయడంలో పడ్డాడు. ఒప్పుకోలు కాగితం చదివి వినిపించారు. కోత కింద కాదు, గజ్జల్లో పెట్టి, గడ్డతో సహా బీజాన్ని పైనుంచి తీసేస్తారు. ఏసమ్మ తన పేరు నిదానంగా, ఒక్కొక్క అక్షరం ఒత్తి రాసింది.

గురువారం ఆపరేషన్ అయింది. వారం తర్వాత పెద్ద డాక్టరు చెప్పాడు. కాన్సరే. కానీ బీజం దాటి బయటికి రాలేదు. పొట్టలో, ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు. ఆ రసం రక్తంలో సగానికి సగం పడిపోయింది, ఇంకా పడుతుంది. నెలనెలా వచ్చి రక్తం చూపించుకోవాలి. ఒక్క నెల కూడా తప్పకూడదు. పిల్లలు పుట్టడానికి ఒకటి చాలు అని కూడా చెప్పాడు. అప్పుడు ఇద్దరూ తలొంచుకున్నారు.

తిరుగు ప్రయాణంలో వనపర్తి బస్సులో కిటికీ పక్క సీటు కురుమూర్తికి ఇచ్చింది. గతుకు వచ్చినప్పుడల్లా అతను గజ్జల దగ్గర చెయ్యి పెట్టుకుంటున్నాడు. జడ్చర్ల దాటాక అడిగింది.

"శేఖర్ మీద అనుమానం ఇంక ఉన్నదా?"

"లేదు."

"ఎప్పుడు పోయింది?"

అతను అబద్ధం ఆడొచ్చు. ఆ మాత్రం అబద్ధం ఆమె కూడా నమ్మేది. కిటికీ అవతల పల్లిచేన్లు పీకేసి దున్నిన నేల ఎర్రగా వెనక్కి పోతోంది.

"నీ కాయితం వచ్చినంక," అన్నాడు.

"నాకూ అంతే. నీ కాయితం వచ్చినంక పోయింది."

కండక్టరు వచ్చి టికెట్లు చూసి పోయాడు. చాలా దూరం పోయాక కురుమూర్తి, ఆమెను అడిగినట్టు కాకుండా, అన్నాడు.

"కాయితంల తప్పొచ్చి ఉంటే?"

ఏసమ్మ దానికి జవాబు వెతికింది. తను తల్లిగారింటికి పోయేది. పెద్దమనుషులల్ల పెట్టేది. అతను నోరు విప్పేవాడు కాదు, సోమవారం పోయి యాదయ్య సూది కింద పడుకునేవాడు. అన్నీ కళ్ళ ముందు వరసగా కనిపించాయి. బస్సు గతుకులో పడింది. అతని చెయ్యి గజ్జల మీదికి పోయేలోపే ఆమె చెయ్యి అడ్డం పెట్టి, సీటు కమ్మీకి తగలకుండా పట్టుకుంది. ఊరొచ్చేదాకా తియ్యలేదు.